కొంచెము కొంచెముగా వెలుగులోనికి

వాక్యభాగములు: నిర్గమకాండము 23:29, 30, అపొస్తలుల కార్యములు 13:13, 15:36–40

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా నగరములో సంత్రాగాఛి అను ప్రాంతము కలదు. ఆగ్నేయ రైల్వే మార్గమున కలకత్తాకు రాకపోకలు సాగించు తెలుగువారికి ఆ స్టేషను పేరు సుపరిచితమే. స్టేషనును ఆనుకొని ఒక పెద్ద చెరువున్నది. శీతకాలము రాకమునుపే ఆ నీటిని కప్పియున్న గుర్రపు డెక్కను కొంత తొలగించి, కొంత దిబ్బలుగా విడిచిపెట్టుదురు. ఆ దిబ్బల మీద వేలకొలది ఈల బాతులు వచ్చి వాలును. ఫాల్గుణ మాసము వచ్చునప్పటికి అవి ఒక్కొక్క గుంపుగా లేచిపోవును. పక్షులు వెళ్లిన ఆ దినములలోనే అచ్చటి ఇండ్లలో మరియొక కదలిక మొదలగును. చలికి, పొడిగాలికి వెరచి మూడు నెలలు గదులలో దాచిన మొక్కల కుండీలు వెలుపలికి వచ్చు కాలమది.

1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఏర్పడిన నాటి తరువాత ఉత్తరాంధ్ర నుండి అనేక కుటుంబములు ఆ పట్టాలను పట్టుకొని బెంగాలు దేశమునకు చేరినవి. ఖరగ్‌పూరులో వలెనే ఈ ప్రాంతమున కూడ వారి సంతతివారు కనబడుదురు. చదువరులు అట్టి ఇంటిని ఒకదానిని తలంచుకొందురు గాక. భర్త రైల్వే ఉద్యోగి. భార్యది విజయనగరము జిల్లా. ఇద్దరు బిడ్డలు, పెద్దవాడు కుమారుడు. మూడవ అంతస్తులోని క్వార్టరు, దాని పైన డాబా. కిటికీ యొద్ద మనీప్లాంటు, రెండు క్రోటన్లు, ఒక ఫెర్ను, వీటన్నిటికంటె ప్రియముగా ఒక కరివేపాకు మొక్క. అది పుట్టింటి పెరటిలోని చెట్టు వేరునుండి లేచిన పిలక. తడిగుడ్డ చుట్టి, రైలులో ఒడిలో పెట్టుకొని తెచ్చినది. కరివేపాకు బెంగాలులో దొరకదని కాదు. అది అమ్మ చెట్టు పిలక గనుక ప్రియమైనది.

మొదటి సంవత్సరము ఆ తల్లి చేసిన పని ప్రేమతోనే చేసెను. మార్చి మాసాంతమున ఒక ఆదివారము ఆరాధన ముగించుకొని వచ్చి, కుండీలన్నిటిని ఒక్కసారిగా డాబా మీదికి ఎక్కించెను. మూడు నెలలు వెలుతురునకు మొగము వాచిన మొక్కలు నేడు కడుపునిండ ఎండ త్రాగును గదా అని ఆమె సంతోషించెను. కుండలు నిండునట్లు నీళ్లు పోసి, పిడికెడేసి ఎరువు కూడ వేసెను. సాయంకాలము చూచునప్పటికి ఫెర్ను ముడుచుకొనిపోయెను. రెండవ దినమున కరివేపాకు ఆకులు సున్నము చల్లినట్లు తెల్లబారెను. నాలుగవ దినమున అవి గోధుమవన్నెకు తిరిగి కాగితము వలె పెళపెళలాడెను.

క్రింది అంతస్తులో ఒక వృద్ధుడుండెను. నర్సరీలలో జీవితమంతయు గడపిన బెంగాలీ మాలి. ఆమె కన్నీరు చూచి అతడు మొక్కను త్రిప్పి త్రిప్పి చూచి, "మా, నీవు దీనిని ఎండలో పెట్టుట తప్పు కాదు. ఒక్క దినమున పెట్టుటయే తప్పు" అనెను. ఆమె కత్తెర తెచ్చి కాలిన ఆకులన్నిటిని కత్తిరించబోగా అతడు చేయి అడ్డము పెట్టెను. సగము పచ్చగా నున్న ఆకు ఇంకను మొక్కకు అన్నము పెట్టుచున్నది. క్రొత్త చిగురు వచ్చువరకు దానిని ఉండనిమ్మనెను. నీరు ఎక్కువ పోయవద్దు, ఎరువు అసలే వద్దు, మొన్నటివరకు ఎక్కడ బాగుగా నుండెనో అక్కడికే మరల తీసికొనిపొమ్మని చెప్పెను.

ఆ ముసలివాని మాటలకు వెనుక గొప్ప శాస్త్రమున్నది. వెలుతురు విషయమున మానవుని కన్ను నమ్మదగిన సాక్షి కాదు. గదిలో తక్కువ వెలుగునకు కనుపాప పెద్దదగును, ఎండలో చిన్నదగును. గనుక రెండింటికి గల భేదము మనకు కొద్దిగానే తోచును. కాని కొలిచి చూచినయెడల, కిటికీకి కొంచెము ఎడముగా గదిలో 500 లక్సుల వెలుగు మాత్రమే ఉండవచ్చును. నిర్మలమైన చైత్ర మధ్యాహ్నమున డాబా మీద అది 1,00,000 లక్సుల దాపునకు చేరును. అది 200 రెట్లు. నీడలో పుట్టిన ఆకు ఆ స్వల్పమైన వెలుగును జారవిడువకుండ పట్టుకొనుటకే వెడల్పుగా, పలుచగా తయారగును. దాని మీది మైనపు పొర కూడ పలుచనిదే. అట్టి ఆకు మీద ఒక్కసారిగా మధ్యాహ్నపు ఎండ పడినప్పుడు, వెలుగును ఆహారముగా మార్చు దాని లోపలి యంత్రాంగమే ఆ వెలుగు చేత చెడిపోవును, పచ్చదనము వెలిసిపోవును, వేరు అందించు నీటికంటె ఆకు కోల్పోవు నీరు ఎక్కువగును. ఏ వెలుగు వలన బ్రదుకవలెనో ఆ వెలుగే దానిని కాల్చును. నీడలో ముదిరిన ఆకు ఎండ ఆకుగా మారుట బహు స్వల్పము. మొక్క ఎండకు తట్టుకొనుట యనగా, ఎండ తగులుచుండగా క్రొత్త ఆకులు తొడుగుట. అవి చిన్నవిగా, దళసరిగా పుట్టును. ఆకులు తొడుగుటకు దినములు పట్టును. ఆ దినములను మొక్కకు ఇచ్చుటయే ఈ పనిలోని రహస్యమంతయు.

మరుసటి సంవత్సరము ఆమె వృద్ధుడు చెప్పినట్లు చేసెను. ఫిబ్రవరి చివరనే, కుండీలు ఇంకను గదిలో ఉండగనే సిద్ధపాటు మొదలుపెట్టెను. ఆకులపై చేరిన ధూళిని తడిగుడ్డతో తుడిచెను. ఆకుల అడుగున, కొమ్మ సందులలో దూది వలె అంటియున్న పిండినల్లిని వెదకి తీసివేసెను. గదిలో నాలుగుగా నున్నవి వెలుపలి వెచ్చదనములో నలుబదియై ప్రక్క కుండీకి ప్రాకును. అడుగు రంధ్రమునుండి వేళ్లు వెలికివచ్చిన మొక్కను ఒక్క పరిమాణము మాత్రమే పెద్దదైన కుండీలోనికి మార్చెను. తోటమన్ను, ఇసుక, మాగిన ఆకుల ఎరువు కలిపి పోసి, రంధ్రము పూడిపోకుండ పెంకుముక్క పెట్టెను. మార్చిన మొక్కను వారము దినములు కదపలేదు. అటుపిమ్మట మొదటి మూడు దినములు ఉత్తరపు వసారా నీడలో మాత్రమే. తరువాత ఉదయపు ఎండ అరగంట. మరునాడు కొంచెము ఎక్కువ. ఎండ ముదురకముందే మరల నీడకు. పదిహేను దినములు గడచునప్పటికి క్రోటన్లును కరివేపాకును డాబా మీద నిలిచినవి. ఫెర్నును మనీప్లాంటును మాత్రము ఆమె ఎన్నడును మధ్యాహ్నపు ఎండకు తేలేదు; వాటికి వసారా అంచున జల్లెడ పట్టినట్లు పడు వెలుగే చాలును. అన్ని మొక్కలకు ఒకే కొలత లేదు.

గాలికి కూడ ఇట్లే అలవాటు చేయవలెను. గదిలో పెరిగిన కాండము ఊగిసలాట ఎరుగక పొడుగుగా, సన్నముగా సాగిపోవును. దినదినము కొంచెము గాలికి ఊగిన కాండము పొట్టిగా, లావుగా, గట్టిగా తయారగును. బెంగాలులో చైత్ర వైశాఖముల సాయంకాలములలో కాలబైశాఖి యను గాలివాన హఠాత్తుగా వచ్చిపడును. దాని వేళకు మొక్క గాలిని ఎరిగియుండవలెను. 2020 మే 20న అంఫాన్ తుపాను ఆ ప్రాంతమును దాటిన రాత్రి మహావృక్షములే కూలినవి. గనుక ఆకాశము నల్లబడిన దినమున, ఎంత రాటుదేలిన మొక్కనైనను గోడ ప్రక్కకు జరుపుట పిరికితనము కాదు.

దేవుడు ఇశ్రాయేలీయులను కనానునకు నడిపించిన విధము ఇదియే. నిర్గమకాండము 23వ అధ్యాయములో ఆయన శత్రువులను ఒక్క సంవత్సరములోనే వెళ్లగొట్టనని వారికి ముందుగానే తెలియజేసెను. వెళ్లగొట్టినయెడల దేశము పాడై, అడవిమృగములు విస్తరించి వారికి బాధకరమగునట. వాగ్దానదేశము మంచిదే, కాని దానిని ఒక్కసారిగా పొందుట వారికి మంచిది కాదు. హెబ్రీ మూలములో అచ్చట కొంచెము అను అర్థమిచ్చు 'మెఅత్' అను మాట రెండుసార్లు వరుసగా వాడబడినది. కొన్ని భాషలలోనికి ఆ జంట పలుకును తెచ్చుటకు అనువాదకుడు శ్రమపడవలెను. తెలుగునకు ఆ కష్టము లేదు. అన్నప్రాయమునాటి బిడ్డకు ముద్ద పెట్టు తల్లి యెవతెయైనను 'కొంచెము కొంచెముగా' అనియే చెప్పును. వారు అభివృద్ధి పొందువరకు అని దేవుడు దానికి అవధి కూడ పెట్టెను. ఆలస్యము శత్రువు బలమును బట్టి కలిగినది కాదు. ప్రజల ఎదుగుదలను బట్టి నిర్ణయింపబడినది.

అదే గ్రంథములో 13వ అధ్యాయము 17వ వచనము చూడుడి. ఫిలిష్తీయుల దేశపు మార్గము దగ్గరదైనను దేవుడు ఆ త్రోవను వారిని నడిపింపలేదు. యుద్ధము చూచి వారు పశ్చాత్తాపపడి ఐగుప్తునకు తిరిగిపోదురేమో అని ఆయన తలంచెను. నాలుగు వందల సంవత్సరములు దాస్యపు నీడలో పెరిగిన ఆకులు ఎంత పలుచనివో ఆయనకు తెలియును. అయినను ఆయన వారిని ఐగుప్తులో ఉంచివేయలేదు. ఎండ తగులునని గదిలోనే ఉంచువాడు, దగ్గరి త్రోవ యని మధ్యాహ్నమున డాబా ఎక్కించువాడు, ఇద్దరును మొక్కను పోగొట్టుదురు.

ప్రభువైన యేసు తన శిష్యులయెడల ఇట్లే ప్రవర్తించెను. మార్కు సువార్త 3:14లోని వరుసను గమనింపుడి: వారు తనతోకూడ ఉండవలెనని మొదట, వారిని పంపవలెనని పిమ్మట. పంపినప్పుడు ఇద్దరిద్దరినిగా పంపెను. వారు తిరిగివచ్చి చేసినవన్నియు చెప్పినప్పుడు, మరియొక ఊరికి పొండని తరుమక, ఏకాంతమునకు వచ్చి అలసట తీర్చుకొనుడని పిలిచెను. సాయంకాలము కుండీని నీడకు తెచ్చుట వంటిదది. కడరాత్రి సయితము, చెప్పవలసినవి ఇంకను అనేకములున్నను వారు ఇప్పుడు భరింపలేరని ఆయన ఎరిగి విడిచిపెట్టెను. ఆయన ప్రార్థనలో మాత్రము వారిని లోకములోనుండి తీసికొనిపొమ్మని అడుగలేదు. విత్తువాని ఉపమానములో రాతినేల మీది మొలకను కాల్చిన సూర్యుని ఆయన నిందింపలేదు. ఆ సూర్యుడే మంచి నేలను పడిన పైరును పండించెను.

సంత్రాగాఛి నుండి శిబ్‌పూరు ఎంతో దూరము కాదు. అచ్చట నదీతీరమున 1787లో రాబర్ట్ కిడ్ స్థాపించిన ఉద్యానవనము నేడును కలదు. 1793లో దాని పర్యవేక్షకుడుగా వచ్చిన విలియం రాక్స్‌బరో అంతకుముందు గోదావరి మండలములోని సామర్లకోటలో పనిచేసినవాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి అతడు ప్రకటించిన గ్రంథములో మన మొక్కల తెలుగు పేర్లు కూడ చోటు చేసికొన్నవి. అతడు సంకలనము చేసిన కలకత్తా తోట మొక్కల పట్టికను 1814లో సేరంపూరున ప్రకటించినవాడు విలియం కేరీ. తెలుగు వ్యాకరణమును అదే సంవత్సరమున, తెలుగు క్రొత్త నిబంధనను 1818లో ఆ సేరంపూరు ముద్రాలయమే వెలువరించినది. కేరీ దినము తోటతో ప్రారంభమగుచుండెను. ఆయన ప్రార్థించుటకు వెళ్లు చోటు కూడ అదియే.

ఒకమారు ఇంగ్లండునుండి ఆయనకు మట్టితో కలిసిన విత్తనముల సంచి ఒకటి వచ్చెను. విత్తనములు తీసికొనిన తరువాత ఆయన ఖాళీ సంచిని పారవేయక, నీడగా నున్న ఒక మడిలో దులిపెను. కొన్ని దినములకు ఆ మడిలో ఒక చిన్న మొలక లేచెను. చూడగా అది తన స్వదేశపు పచ్చికబయళ్లలో పూయు డెయిజీ! 30 సంవత్సరములకు పైగా ఆయన దానిని చూడలేదు. మరల చూతునని అనుకొననులేదు. ఇంగ్లండులో ఏండ్ల తరబడి బ్రదుకు ఆ మొక్క బెంగాలు వేసవిని దాటజాలదు. గనుక ఆయన విత్తనములు కూర్చి, ఋతువు ఋతువునకు మరల విత్తి, ఏటేటి మొక్కగా దానిని నిలుపుకొనెను. మఱ్ఱి కాలేదని డెయిజీని ఆయన తప్పుపట్టలేదు.

అయితే అదే ఇంటిలో మరియొక జీవమున్నది. మిషను చరిత్రలు ఆమెను గూర్చి త్వరగా దాటిపోవును గాని దాటరాదు. 1793లో కేరీ బయలుదేరునప్పుడు ఆయన భార్య డొరతీ మొదట రానని చెప్పెను. తన ఊరి పరిసరములు తప్ప లోకమెరుగని స్త్రీ. ఆపై నిండు గర్భిణి. ప్రయాణము ఆటంకపడి ఆలస్యమగుటచేత భర్త తిరిగి వచ్చి అడిగినప్పుడు, కొన్ని వారముల పసిబిడ్డను చేతబట్టుకొనియున్న ఆమె, చెల్లెలు కూడ వచ్చిన వత్తునని ఒక్క దినములోనే మనస్సు మార్చుకొనవలసివచ్చెను. జూన్‌లో ఓడ బయలుదేరెను. నవంబరులో బెంగాలు చేరిరి. మరుసటి సంవత్సరమే అయిదేండ్ల కుమారుడు పీటరు జబ్బుచేసి మరణించెను. ఆమె మనస్సు చెదిరిపోయెను, మరల కుదుటపడలేదు. 1807 డిసెంబరులో సేరంపూరున ఆమె మరణించెను. ఎవరి నేరమిది యని తీర్పు తీర్చుటకు ఇన్నేండ్లకు ఎవరికిని అధికారము లేదు. కాని దేవుని పిలుపు ఒకరికి వచ్చినప్పుడు, ఆ ఎండ ప్రక్కనున్నవారి మీద కూడ పడునని సంఘము మరువరాదు. డెయిజీకి దొరికిన నీడమడి వంటిది ఆ తల్లికి దొరకలేదు.

సంత్రాగాఛి ఇంటికి తిరిగి వత్తము. ఆ ఇంటి కుమారుడు ఆదివారపు బడిలో బహుమానములు పొందినవాడు. కంఠత వాక్యములలో అతనిని మించినవారు సంఘములో లేరు. రాత్రి ఎనిమిది గంటలకు కుటుంబ ప్రార్థన. ఆ గోడలకు వెలుపల స్నేహములు లేవు. చిన్ననాడు ఒకమారు అతడు, "నాన్నా, దేవుడు పీటరుగారి పాపను ఎందుకు బాగుచేయలేదు?" అని ప్రక్కింటి బిడ్డను గూర్చి అడిగినప్పుడు, అట్టి ప్రశ్నలు అడుగరాదని తండ్రి చెప్పెను. వాడు మరల అడుగలేదు. అది విధేయత యని అందరును అనుకొనిరి. పదునెనిమిదవ ఏట వానిని దూరపు రాష్ట్రములో ఒక కళాశాల వసతిగృహమునకు పంపిరి. మార్చి చివర, మిట్టమధ్యాహ్నమున, ఒక్క దినములో.

మొదటి నెలలోనే తోటి విద్యార్థులు అడిగినవి వాడు చిన్ననాడు అడిగి మానిన ప్రశ్నలే. జవాబు వాని యొద్ద లేదు. జవాబు లేని సంగతి ఎవరితోనైనను చెప్పుకొనవచ్చునని కూడ వానికి తెలియదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు ప్రార్థనలో వాడు కనులు మూసికొనలేదు. క్రిస్మసునకు వచ్చి గుడికి రాననెను. తండ్రి చదువు మానిపించి ఇంటికి తెచ్చెదననెను. సంఘపు పెద్దలలో ఒకరు యువజనుల గాయకబృందము పట్టికలోనుండి వాని పేరు కొట్టివేయవలెననెను, మాదిరి చెడిపోవునట. ఒకరు గదిలో దాచుదమనిరి, ఒకరు కత్తెర తెచ్చిరి.

మార్కు అను యోహాను విషయమున యెరూషలేము కాలము నాటి సంఘము కూడ ఈ కూడలిలోనే నిలిచెను. అతడు ప్రార్థించు ఇంటి బిడ్డ. పేతురు చెరసాలనుండి విడుదలై వచ్చిన రాత్రి అనేకులు కూడియుండినది అతని తల్లియింటనే. బర్నబా, సౌలులతో బయలుదేరి కుప్రలో తుదివరకు వారికి ఉపచారము చేసెను. పాఫు నుండి ఓడయెక్కి పంఫూలియలోని పెర్గేకు చేరగానే వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. కారణమేమో లూకా వ్రాయలేదు. వ్రాయకపోవుట దయగలవాని పని. రెండవ ప్రయాణమునకు బర్నబా అతనిని వెంటబెట్టుకొన గోరగా పౌలు ఒప్పుకొనలేదు. వారిద్దరి మధ్య తీవ్రమైన వాదము కలిగి, వేరైపోయిరి. పౌలు పొరబడెనని గ్రంథము చెప్పదు. అతని యెదుట నున్నది రాళ్లదెబ్బల మార్గము. ఫిలిప్పీ చెరసాల ముందున్నది. నీడ ఆకులతో నున్న మొక్కను ఆ ఎండకు తీసికొనిపోకుండుట కూడ ఒక విధమైన కనికరమే.

కాని బర్నబా మార్కును ఎక్కడికి తీసికొనిపోయెనో చూడుడి. కుప్రకు ఓడయెక్కెను. కుప్ర బర్నబా జన్మస్థలము. అంతకంటె ముఖ్యముగా, మొదటి ప్రయాణములో మార్కు నిలువగలిగిన చివరి స్థలము అది. పెర్గేలో వాడిపోయిన వానిని పెర్గేలో నిలిపి పరీక్షింపలేదు; యెరూషలేములో తల్లియింట ఉంచివేయనులేదు. మొన్నటివరకు ఎక్కడ బాగుగా నుండెనో అక్కడికి తెచ్చి, అచ్చటనుండి మరల ప్రారంభించెను. కొలొస్సయి పత్రికలో పౌలు బర్నబాతో మార్కునకు గల చుట్టరికమును చెప్పుటకు వాడిన గ్రీకుమాటకు తెలుగులో సరియైన ఒక్క పదము లేదు; పెదనాన్న బిడ్డయో మేనత్త బిడ్డయో తేల్చి చెప్పిన గాని మన భాష ఊరుకొనదు. ఏ వరుసయైనను, సంఘము నమ్మని కాలమున నమ్మిన చుట్టము ఒకడు అతనికుండెను. ఆ పత్రికలోనే పౌలు అతనిని చేర్చుకొనుడని వ్రాసెను. ఏండ్లు గడచిన తరువాత, రోమా చెరలో చలికాలము సమీపించుచుండగా, తిమోతికి వ్రాసిన పత్రికలో మార్కును వెంటబెట్టుకొని రమ్మని కోరెను. అతడు పరిచారము నిమిత్తము తనకు ప్రయోజనకరమైనవాడని సాక్ష్యమిచ్చెను.

ఆ తల్లి ఈ వాక్యభాగమును ఎన్నిమారులు చదివెనో గాని, మాలి మాటతో కలిపి చదివినది ఆ క్రిస్మసు తరువాతనే. తన కుమారుడు చివరిసారి ఎక్కడ బాగుగా నుండెను? గాయకబృందములో కాదు, బహుమానముల వేదిక మీద కాదు. కాలనీ చివర విశ్రాంతి పొందిన ఒక వృద్ధ గార్డు ఉండెను. కంటి చూపు మందగించినవాడు. వసతిగృహమునకు వెళ్లకమునుపు ఈ బాలుడు రెండేండ్లు శనివారము సాయంకాలములలో వెళ్లి ఆయనకు బైబిలు చదివి వినిపించెడివాడు. ఎవరును పంపకుండ వెళ్లిన చోటు అదొక్కటే. ఆమె భర్తతో మాటలాడెను. అతడు మొదట కోపించి, రెండు రాత్రులు మౌనముగా నుండి, మూడవ దినమున చదువు మానిపించు మాట ఎత్తలేదు. పెద్దల యొద్దకు తానే వెళ్లి, పట్టికలో పేరు ఉండనిండని అడిగెను. వారిలో అందరికిని అది ఇష్టము లేకపోయినను, ఒక సంవత్సరమునకు ఒప్పుకొనిరి.

వేసవి సెలవులకు కుమారుడు వచ్చినప్పుడు ఆమె గుడి మాట తీయలేదు. "తాతగారు నిన్ను అడిగినారు. వీలుంటే ఒకసారి వెళ్లిరా" అని మాత్రమే అనెను.

వాడు వెళ్లెను. మొదటి దినమున వార్తాపత్రిక మాత్రము చదివి వచ్చెను. ముసలాయన బైబిలు అడుగలేదు. రెండవమారు పావుగంట ఎక్కువ కూర్చుండెను. మూడవ శనివారము వాడే, "తాతయ్యా, పీటరుగారి పాప సంగతి మీకు జ్ఞాపకమున్నదా?" అని అడిగెను. ఆ పాప అంత్యక్రియలలో ముసలాయన కూడ ఉండెను. తనకును ఆ దినమునుండి జవాబు దొరకలేదని, ఆ సంగతినే ఇరువది కీర్తనలలో దేవునితో వాదించుచు చదువుకొనుచున్నానని ఆయన చెప్పెను. ఏ కీర్తనలని వాడు అడిగెను. చూపులేనందున పుటలు వాడే త్రిప్పవలసివచ్చెను.

ఇంటికి వచ్చునప్పటికి చీకటి పడుచున్నది. పడమట మబ్బు లేచి గాలి మొదలైనది. తల్లి డాబా మీద కుండీలను గోడ ప్రక్కకు జరుపుచుండెను. వాడు మెట్లెక్కి వచ్చి పెద్ద కుండీని ఒక ప్రక్క పట్టెను. కరివేపాకు మొదట చిన్న, దళసరియైన, ముదురు పచ్చని రెమ్మలు. వాటి క్రింద, రెండేండ్ల నాటి కాలిన ఆకులు రాలిన చోట, కాండము మీద చిన్న చిన్న గుర్తులు. "దీనిని లోపల పెట్టవద్దా అమ్మా?" అని వాడడిగెను. అక్కరలేదు, గోడ ప్రక్కన చాలునని ఆమె చెప్పెను. మొదటి చినుకులు పడుచుండగా ఇద్దరును ఫెర్నును మాత్రము ఎత్తుకొని క్రిందికి దిగిరి.